అరగని వైపు

ఇటెన్ సంతలో నీలి టార్పాలిన్ మీద
నూట పన్నెండు జతల బూట్లు.
లెక్క నాది. కడిగిందీ నేనే.
పాత పళ్ల బ్రష్షుతో అడుగు గాళ్లలోంచి
ఎవరి ఊరిదో మట్టి గీకి తీస్తాను.
మా నేల ఎరుపు. ఆ మట్టి నల్లగానో బూడిదగానో వస్తుంది.
ఒకసారి సముద్రపు ఇసుక వచ్చింది,
నేనింకా సముద్రం చూడలేదు.

మా పిన్ని జెబివోట్ కొనేవాళ్ల మొహం చూడదు.
"వేసుకొచ్చినవి విప్పు" అంటుంది.
విప్పినవాటిని తిరగేసి
గుడ్డును దీపానికి పట్టినట్టు ఎండకి పట్టి చూస్తుంది.
మడమ బయటి అంచు కరిగి ఉంటే ఒక ఊఁ,
బొటనవేలి కింద గుంట పడి ఉంటే ఇంకో రకం ఊఁ.
తర్వాత గుట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతుంది,
నువ్వు అరగదీసే వైపును
అరగదీయని మనిషెవరో విడిచిన జత కోసం.

ఎక్కడో చలిదేశంలో ఒకడు బయటికి ఒరిగి పరిగెత్తాడు గనక
లోపలి అంచు మా చెరుతిచ్ సార్జెంటుకి మిగిలింది.
పింఛను మొదలయ్యాక పరుగు మొదలెట్టిన మనిషి.
తడికాలితో సిమెంటు సంచి కాగితం మీద తొక్కమంటే
నిండు చపాతీ పడింది, ఎక్కడా కొరకనిది.
"ఈ పాదాలతో ఇన్నేళ్లూ దొంగల్ని ఎలా పట్టావు?"
"పట్టలేదమ్మా" అన్నాడు.

కిమారుకి పదిహేడు. పిక్కలు చెరకు గడలు.
కళ్లన్నీ చిలకపచ్చ పందెం బూట్ల మీదే,
కాగితమంత తేలిక, లోపల ఏదో గట్టి రేకు.
పిన్ని వాడి చేతిలో పెట్టింది మట్టిరంగు బరువు జత.
"అవి పందెం రోజువి.
వారంలో నీకు ఆరు మామూలు రోజులున్నాయి."
అలిగి వెళ్లాడు. గంటకి తిరిగొచ్చాడు.
పచ్చవి అప్పటికే ఎవరో కొనేశారు.
మట్టిరంగువి నేను దాచి ఉంచాను,
ఎందుకో అడక్కండి.

మూడో కానుపుతో చెలగాత్ టీచరు పాదాలు సాగాయి.
ఆవిడ ఒప్పుకోదు, పెళ్లినాటి నంబరే అడుగుతుంది.
"నంబరు డబ్బా చెప్పే మాట. మనకి డబ్బాలే రావు" అని
పిన్ని బూటు మొన నొక్కి చూస్తుంది,
గోటికీ గుడ్డకీ మధ్య బొటనవేలెడు చోటుందా అని.
"దిగుడులో గోరు నల్లబడ్డాక నన్ను తిట్టుకోకు.
సాయంత్రం రా, పాదం పూర్తిగా ఉబ్బాక."
ఇంకా బేరమాడితే ఒకటే మాట:
"కొత్తవి కరుస్తాయి.
ఇవి ఒకరిని కరిచి అలిసిపోయినవి."

ఒక జత నాలుక మీద పెన్నుతో రాసిన పేరుంది.
ఏ లిపో తెలీదు. బ్రష్షు అక్కడ తగలనివ్వను.

నిన్న టార్పాలిన్ మడిచే వేళ
"నువ్వూ విప్పు" అంది నాతో.
నావి టైరు చెప్పులు. అవి అరగవు,
చదవడానికి వాటిమీద ఏమీ ఉండదు.
తిప్పి చూసి, ఊఁ కూడా అనకుండా,
"పాల డిపో దాకా ఉరికి రా" అంది, కళ్లు మూసుకుంది.
వట్టికాళ్లతో వెళ్లాను, వచ్చాను.
నేను రొప్పుతుంటే తను ఇంకా వింటూనే ఉంది.
"ఎడమది కాస్త ఆలస్యంగా దిగుతోంది.
వేళ్ల మీద వాలుతున్నావు. బాగుంది."

చీకటి పడేదాకా వెతికింది.
మిగిలిన అరవై జతలూ తిరగేసింది, టార్చి నేను పట్టాను.
"ఈ వారం లేదు" అంది, అంతే,
మేకల కాపరికైనా, సార్జెంటుకైనా చెప్పినట్టే.

మంగళవారం ఎల్డొరెట్ నుంచి కొత్త బేలు వస్తుంది.
తాడు కోసేది పిన్ని.
అందరికంటే ముందు కడిగేది నేను.